వృత్తి: నేతపని

1922 మార్చి 11. అహ్మదాబాదులో మేజిస్ట్రేటు ఎదుట ఒక ముద్దాయిని నిలబెట్టారు. కేసు రాజద్రోహం. పేరు, వయసు అయ్యాక వృత్తి ఏమిటన్న ప్రశ్న వచ్చింది. ఆ ముద్దాయి లండన్‌లో బారిస్టరీ చదివినవాడు, దక్షిణాఫ్రికాలో పేరున్న లాయరుగా పనిచేసినవాడు. కానీ ఆయన చెప్పుకున్న వృత్తి వ్యవసాయం, నేతపని.

గాంధీజీ అనగానే మనకు రాట్నం బొమ్మ గుర్తొస్తుంది. స్టాంపుల మీద, స్కూలు గోడల మీద చూసీ చూసీ, అదేదో ఆయన పుట్టినప్పటి నుంచీ పక్కనే ఉందనిపిస్తుంది. నిజానికి నలభై ఐదేళ్ళు దాటేదాకా ఆయన రాట్నం చూడనే లేదు. మగ్గానికీ రాట్నానికీ తేడా కూడా సరిగ్గా తెలియదు. కోర్టులో ఆ వృత్తి పేరు చెప్పగలగడానికి వెనక ఏడేళ్ళ చదువు ఉంది. ఆ చదువు మనలాంటి ఇంజనీరింగ్ వాళ్ళకు బాగా పరిచయమైన పద్ధతిలో సాగింది. ఒక సమస్యను విప్పితే దాని వెనక ఇంకొకటి, దాన్ని విప్పితే మరొకటి.

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2న పోర్‌బందరులో పుట్టారు. వాళ్ళది దివాన్ల కుటుంబం. ఇంట్లో ఎవరికీ చేతిపనులతో సంబంధం లేదు. 1891లో బారిస్టరై వచ్చారు, 1893లో దక్షిణాఫ్రికా వెళ్ళారు. 1909లో ఇంగ్లండు నుంచి తిరిగి వెళ్తూ ఓడలో కూర్చుని హింద్ స్వరాజ్ రాశారు. యంత్రాలు మన దేశాన్ని పేదరికంలోకి తోశాయనీ, చేతి మగ్గాలు మళ్ళీ ఆడాలనీ అందులో వాదించారు. తాను అప్పటికి మగ్గాన్నీ రాట్నాన్నీ చూసిన గుర్తే లేదని తర్వాత ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నారు. అంటే థియరీ ముందొచ్చింది, ల్యాబ్ తర్వాతొచ్చింది.

ఆ థియరీ వెనక ఉన్న చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. బట్ట తయారీలో రెండు పెద్ద పనులుంటాయి. దూదిని వడికి నూలు తీయడం, ఆ నూలును పడుగూ పేకా చేసి నేయడం. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండులో వచ్చిన యంత్రాలు ముందుగా వడకడాన్నే పట్టుకున్నాయి. రాట్నానికి ఉండేది ఒక్క కదురు. మిల్లులో ఒక మనిషి కనుసన్నల్లో వందల కదుళ్ళు తిరుగుతాయి. ఈ పోటీకి చేతి వడుకు నిలబడలేదు. చేతి మగ్గం మాత్రం చచ్చిపోలేదు. మరమగ్గానికీ చేతి మగ్గానికీ వేగంలో తేడా ఉన్నా, అది కదుళ్ళ తేడా అంత భయంకరమైనది కాదు. పైగా చీర అంచులు, కొంగులు, చిన్న చిన్న బేరాల పని చేతి మగ్గానికే బాగా కుదురుతుంది. అందుకని మన నేతగాళ్ళు మిల్లు నూలు కొని నేయడం మొదలుపెట్టారు. బట్ట చేనేతే, నూలు మాత్రం మిల్లుది. ఇంట్లో ఆడవాళ్ళు వడికే రాట్నాలు అటకెక్కాయి.

ఈ సంగతి ఏదీ 1915లో గాంధీజీకి ఇంత స్పష్టంగా తెలియదు. ఆ ఏడాది మే నెలలో అహ్మదాబాదు పక్కన కొచ్రబ్‌లో ఆశ్రమం పెట్టారు. తాము కట్టే బట్ట తామే నేసుకోవాలని నిశ్చయించి కొన్ని మగ్గాలు తెప్పించారు. తెప్పించాక చూస్తే, నేయడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఉన్నవాళ్ళంతా చదువుకున్నవాళ్ళో వ్యాపారస్థులో. పాలన్‌పూర్ నుంచి ఒక నేత పనివాణ్ణి పిలిపించారు. అతను నేర్పాడు గానీ కిటుకంతా చెప్పలేదు. అన్నం పెట్టే విద్యను ఎవరు మాత్రం ఊరికే పంచిపెడతారు? ఆశ్రమంలో గాంధీజీ బంధువు మగన్‌లాల్ గాంధీ ఉండేవారు. యంత్రాల పనిలో ఆయన చెయ్యి చురుకైనది. చెప్పింది విని, చెప్పనిది చూసి, తొందరలోనే మగ్గం పని మొత్తం పట్టేశారు. మిగతావాళ్ళకు నేర్పింది ఆయనే. ఆశ్రమంలో మిల్లు బట్ట మానేశారు.

సమస్య తీరిందనుకుంటే, ఇక్కడ రెండోది బయటపడింది. నూలు ఎక్కడిది? సన్న నూలు అప్పటి మన మిల్లులు పెద్దగా తీసేవి కావు, చాలావరకు విదేశాల నుంచే వచ్చేది. స్వదేశీ నూలుతో నేస్తామనే నేతగాళ్ళను వెతకడానికే చాలా తిరగాల్సి వచ్చింది. నేసిన బట్టంతా ఆశ్రమమే కొనాలన్న షరతు మీద కొందరు ఒప్పుకున్నారు. ఆశ్రమం కాస్తా మిల్లు నూలుకు జీతంలేని ఏజెంటుగా తయారైంది. మిల్లుల వాళ్ళతో మాట్లాడితే ఇంకో విషయం అర్థమైంది. తమ నూలంతా తామే నేసుకోవాలన్నది వాళ్ళ లక్ష్యం. అది కుదిరేదాకే చేనేతవాళ్ళకు అమ్ముతారు. మిల్లు నూలు ఏకులా వచ్చి మేకైంది. నూలు ఆగిపోయిన రోజున మగ్గం కూడా ఆగిపోతుంది. అంటే చేనేత బతకాలంటే మగ్గంతో చాలదు, దానికంటే ముందున్న మెట్టు చేతిలో ఉండాలి.

ఆ మెట్టు రాట్నం. కానీ రాట్నం ఎక్కడుంది? గుజరాతంతా వెతికినా దొరకలేదు. 1917లో భరూచ్‌లో జరిగిన విద్యా సభలో ఆయనకు గంగాబెన్ మజ్ముందార్ అనే ఆవిడ కలిశారు. వితంతువు, ధైర్యస్థురాలు, గుర్రమెక్కి ఊళ్ళు తిరిగే మనిషి. వెతికే పని తన మీద వేసుకున్నారు. చాలా ఊళ్ళు తిరిగాక బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో దొరికాయి. ఒకటీ రెండూ కాదు, చాలా ఇళ్ళల్లో ఉన్నాయి, అన్నీ అటకల మీదే. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు వడకడం మరచిపోలేదు. ఎవరైనా ఏకులు క్రమంగా సరఫరా చేసి, వడికిన నూలు కొంటామంటే దింపి తిప్పుతామన్నారు. సరుకు లేక, కొనేవాడు లేక పోయిన విద్య అది. చేతకాక పోయింది కాదు.

మూడో సమస్య ఏకులు. దూదిని ఏకి, పొడుగ్గా చుడితే ఏకు అవుతుంది. బొంబాయిలో మిల్లు యజమాని ఉమర్ సోబానీ తన మిల్లు నుంచి ఏకులు పంపారు. గంగాబెన్ దగ్గర నూలు కుప్పలుగా పడింది. కానీ మిల్లు ఏకులతో వడికితే మళ్ళీ మిల్లు మీద ఆధారపడ్డట్టే కదా! గాంధీజీకి ఇది నచ్చలేదు. ఏకులు కూడా ఊళ్ళోనే తయారు చేయించమని గంగాబెన్‌కు చెప్పారు. ఆవిడ నెలకు 35 రూపాయల జీతం మీద దూదేకులవాణ్ణి పెట్టి, కొందరు కుర్రాళ్ళకు ఆ పని నేర్పించారు. దూది బొంబాయిలో అడిగి తెచ్చారు. అలా మగ్గం నుంచి నూలుకు, నూలు నుంచి ఏకుకు, ఏకు నుంచి దూదికి ఒక్కో మెట్టే వెనక్కి వెళ్ళి, చివరికి పత్తి చేను దాకా దారి వేసుకున్నారు. ఇప్పుడు మనం సప్లై చెయిన్ అంటాం.

ఆశ్రమంలో తయారైన మొదటి ఖద్దరు గజానికి 17 అణాలు పడింది. పదహారు అణాలైతే రూపాయి. ముతక బట్టకు గజం రూపాయి పైచిలుకు! అయినా మొహమాటం లేకుండా స్నేహితులకు ఆ ధరకే అంటగట్టారు. పంచె వెడల్పు 30 అంగుళాలకు మించి రాలేదు. నెల రోజుల్లో 45 అంగుళాల పంచె నేయించకపోతే ఆ పొట్టి పంచెతోనే తిరుగుతానని గంగాబెన్‌కు కబురు పెట్టారు. గడువులోపే ఆవిడ పంపించారు.

ఇక్కడి నుంచి కథ ఆశ్రమం దాటి దేశంలోకి వచ్చింది, అందులో ఒక ముఖ్యమైన మలుపు మన బెజవాడలోనే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అక్కడ జరిగిన కాంగ్రెసు సమావేశం జూన్ 30 లోగా దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. మన పింగళి వెంకయ్య గారు జెండా నమూనా తయారు చేసి గాంధీజీకి ఇచ్చిందీ అక్కడే. ఆ జెండా మీద రాట్నం ఉండాలన్న సూచన జలంధరుకు చెందిన లాలా హన్సరాజ్‌ది. అదే ఏడు జులై 31న బొంబాయి పరేల్‌లో విదేశీ బట్టలను కుప్పపోసి తగలబెట్టారు. స్థలం ఇచ్చింది, ఒకప్పుడు ఏకులు పంపిన ఆ ఉమర్ సోబానీయే. సెప్టెంబరు 22న మదురైలో గాంధీజీ చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయికి మారారు. ఖద్దరు ఖరీదెక్కువ, కొనలేమని పేదలు అంటుంటే, ఎంత తక్కువ బట్టతో బతకవచ్చో తానే చూపించాలనుకున్నారు. మరుసటి మార్చిలోనే ఆ కోర్టు, ఆ ప్రశ్న, ఆ జవాబు. ఆరేళ్ళ శిక్ష పడింది.

అందరూ చప్పట్లు కొట్టారని అనుకోకండి. గట్టిగా కాదన్నవాళ్ళలో రవీంద్రనాథ్ టాగూర్ ముఖ్యులు. 1921లో, మళ్ళీ 1925లో మోడరన్ రివ్యూ పత్రికలో ఆయన రాట్నాన్ని విమర్శిస్తూ రాశారు. ఆలోచన లేకుండా అందరూ ఒకే చక్రం తిప్పుతూ కూర్చుంటే మనసులు మొద్దుబారతాయని ఆయన భయం. గాంధీజీ జవాబు కడుపు వైపు నుంచి వచ్చింది. కోట్లమంది రైతులకు ఏడాదిలో కొన్ని నెలలు పని ఉండదు. ఆ ఖాళీ నెలల్లో ఇంట్లో కూర్చుని చేయగల పని చూపించకుండా కవిత్వం గురించి మాట్లాడలేనన్నది ఆయన పట్టు. మిల్లు నూలుకీ రాట్నం నూలుకీ ధరలో పోటీ పెట్టడం సరికాదని కూడా వాదించారు. రాట్నం పోటీ పడేది మిల్లుతో కాదు, పనిలేని గంటతో.

టాగూర్ కంటే గట్టి విమర్శకుడు ఇంకొకరు ఉన్నారు, ఆయన మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడు. రాట్నం నూలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. పురి సమంగా ఉండదు. పడుగు పోస్తే తెగుతుంది, గంజి పెట్టినా తెగుతుంది. పోగు తెగిన ప్రతిసారీ మగ్గం ఆపి ముడి వేయాలి. గజాల లెక్కన కూలి తీసుకునేవాడికి అది నేరుగా అన్నంలో కోత. ఇళ్ళలో కొత్తగా నేర్చినవాళ్ళు వడికిన నూలును నేతగాళ్ళు వద్దన్నారంటే తప్పు వాళ్ళది కాదు. ఖాదీ ఉద్యమం నూలు నాణ్యతను పరీక్షించడం, కౌంటు కొలవడం, గట్టిదనం చూడడం మొదలుపెట్టింది ఈ దెబ్బ తగిలాకే.

మన దగ్గర ఈ చిక్కును ఎప్పుడో దాటిన ఊరు ఒకటుంది, శ్రీకాకుళం జిల్లా పొందూరు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ పన్నులతో దువ్వుతారు. గింజ తీసి, ఏకి, ఏకులను ఎండిన అరటి దొప్పలో చుట్టి పట్టుకుని వడుకుతారు. నూరో కౌంటు దాకా సన్న నూలు అలా చేత్తోనే తీస్తారు. విద్య తరతరాలుగా తెగకుండా వస్తే చేతి నూలు ఎంత దూరం పోగలదో దానికి రుజువు పొందూరు. మిగతా దేశంలో చాలాచోట్ల తెగిపోయింది, మళ్ళీ అతకాల్సి వచ్చింది.

1924 డిసెంబరులో గాంధీజీ అధ్యక్షతన జరిగిన బెళగాం కాంగ్రెసులో, సభ్యత్వానికి డబ్బు బదులు నెలకు 2,000 గజాల నూలు ఇవ్వాలని నియమం పెట్టారు. తొమ్మిది నెలలకే సడలించాల్సి వచ్చింది. 1925 సెప్టెంబరులో అఖిల భారత చరఖా సంఘం పుట్టింది. 1928 ఏప్రిల్‌లో మగన్‌లాల్ పాట్నాలో జ్వరంతో చనిపోయారు. ఆశ్రమంలో మగ్గం, రాట్నం, ఏకుడు అన్నిటికీ ప్రాణం పోసినవాడు పోయాడు. గాంధీజీకి అది కుడిచెయ్యి విరిగినట్టయింది.

1929లో చరఖా సంఘం ఒక పోటీ ప్రకటించింది. కొత్త రాట్నం కనిపెట్టినవాళ్ళకు లక్ష రూపాయల బహుమతి. యంత్రాల శత్రువని పేరుపడ్డ మనిషి, యంత్రం కోసం ఆ రోజుల్లో లక్ష రూపాయలు పెట్టించారు! షరతులు చూడండి. తేలిగ్గా మోసుకుపోగలగాలి. పల్లెటూరి గుడిసెలో చేత్తోగానీ కాలితోగానీ నడవాలి. ఒక ఆడమనిషి పెద్దగా అలసిపోకుండా ఎనిమిది గంటలు నడపగలగాలి. ఆ ఎనిమిది గంటల్లో 12 నుంచి 20 కౌంటు నూలు 16,000 గజాలు రావాలి. ఖరీదు 150 రూపాయలు దాటకూడదు, మన దేశంలోనే తయారు కావాలి. ఇరవై ఏళ్ళు పనిచేయాలి, ఏటా మరమ్మతు ఖర్చు ధరలో 5 శాతం మించకూడదు.

ఒక్కసారి లెక్క వేద్దాం. ఎనిమిది గంటల్లో 16,000 గజాలంటే గంటకు 2,000. బెళగాంలో సభ్యుడికి నెలంతటికీ పెట్టిన కోటా ఎంతో, ఈ యంత్రం ఒక్క గంటలో ఇవ్వాలన్నమాట. మామూలు రాట్నం మీద చెయ్యి తిరిగినవాళ్ళకు గంటకు మూడు నాలుగు వందల గజాలు వస్తాయి. ఎందుకంత తక్కువ? చక్రం తిప్పుతూ ఏకును వెనక్కి లాగాలి. పోగు సాగి పురి ఎక్కుతుంది. చెయ్యి చాచినంత పొడవయ్యాక ఆగి, దాన్ని కదురుకు చుట్టాలి. మళ్ళీ మొదలు. లాగడం, చుట్టడం ఒకేసారి జరగవు. అవి రెండూ ఆగకుండా జరగాలంటే మిల్లులోని రింగు ఫ్రేము లాంటి ఏర్పాటు కావాలి. అలాంటిదాన్ని ఒక మనిషి కాలి బలంతో, గుడిసెలో, 150 రూపాయల్లో నడిపించాలి. నమూనాలు వచ్చాయి గానీ అన్ని షరతులూ తీర్చినది ఒక్కటీ లేదు. బహుమతి ఎవరికీ దక్కలేదు.

నా మట్టుకు గాంధీజీ జీవితంలో ఇంజనీర్లు చదవాల్సిన పేజీ ఇదే. మనం స్పెసిఫికేషన్ రాసేటప్పుడు ముందు అవుట్‌పుట్ రాస్తాం, తర్వాత ఖర్చు రాస్తాం, వాడే మనిషి చివర్లో ఎక్కడో వస్తాడు. ఇక్కడ గుడిసె, అందులో కూర్చున్న ఆడమనిషి, ఆవిడ అలసట ముందొచ్చాయి. గజాల లెక్క ఆ తర్వాతే. యంత్రం ఎంత పెద్దదైనా చిన్నదైనా, దాన్ని తిప్పే మనిషి బానిసయితే ఆయన వద్దన్నారు. ఆ మనిషి చేతిలో పనిముట్టుగా ఉంటే లక్ష ఇస్తామన్నారు.

1931 సెప్టెంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు లాంకషైర్‌లోని డార్వెన్‌కు పోయి మిల్లు కార్మికులను కలిశారు. ఇండియాలో విదేశీ బట్టల బహిష్కరణ దెబ్బ తగిలి పనులు పోయినవాళ్ళు ఉన్న ప్రాంతం అది. గొడవ అవుతుందని కొందరు భయపడ్డారు. ఆయన వాళ్ళ బాధ విన్నారు, మన పల్లెల్లో ఏడాదికి ఆర్నెల్లు పనిలేని కోట్లమంది సంగతి చెప్పారు. ఆ కార్మికులు ఆయన చుట్టూ చేరి జేజేలు కొట్టారు.

ఇంటికొచ్చాక తన ఉద్యమం లెక్కలు కూడా అంతే నిక్కచ్చిగా చూసుకున్నారు. రోజంతా వడికినా వడికేవాళ్ళకు దక్కేది అణా రెండణాలు. పేదల కోసమని పెట్టిన సంస్థే పేదల చేత చవగ్గా చాకిరీ చేయించుకుంటోందని ఆయనకే అనిపించింది. 1935లో చరఖా సంఘం చేత కనీస కూలి తీర్మానం చేయించారు. ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు ఇవ్వాలన్నది ఆయన కోరిక. అంత ఇవ్వలేకపోయారు గానీ కూలి పెరిగింది. దానితో ఖద్దరు ధర పెరిగి అమ్మకాలకు ఇబ్బంది వస్తుందని తెలిసే చేశారు. ఖద్దరు చవగ్గా ఉండడం ముఖ్యమా, వడికిన చేతికి అన్నం పెట్టడం ముఖ్యమా అన్న ప్రశ్నకు ఆయన జవాబు అది.

రాట్నం మీద ప్రయోగాలు చివరిదాకా ఆగలేదు. ఎరవాడ జైల్లో ఉన్నప్పుడు పెట్టెలో మడిచిపెట్టుకుని తీసుకుపోగలిగే రాట్నం మీద పనిచేశారు. బెంగళూరులో ప్రభుత్వ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీని నడిపిన పోలండు ఇంజనీరు మారిస్ ఫ్రీడ్‌మన్ ఆ ఉద్యోగం వదిలి ఆయన దగ్గరికి వచ్చి, విల్లులాంటి కర్రతో తిప్పే ధనుష్ తక్లీ తయారు చేశారు. 1948 జనవరి 30న గాంధీజీ హత్య జరిగే నాటికి ఆ లక్ష రూపాయల యంత్రం రాలేదు. తర్వాత కొన్నేళ్ళకు తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథ్ రింగు ఫ్రేము సూత్రాన్ని ఒక చిన్న చట్రంలో ఇమిడ్చి, ఒకేసారి నాలుగు పోగులు తీసే రాట్నం చేశారు. ఆయన పేరు మీదే అది అంబర్ చరఖా అయింది. ఇప్పుడు ఖాదీ కేంద్రాల్లో తిరిగేవి ఎక్కువగా దాని వారసులే.

మిల్లులు గెలిచాయి, అందులో సందేహం లేదు. మన ఒంటి మీది బట్టల్లో ఖద్దరు వాటా ఎంతో హాస్టల్ దండెం మీద చూస్తే తెలుస్తుంది. అయినా పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతున్నారు, దేశంలో లక్షల ఇళ్ళల్లో మగ్గం ఆడుతోంది. ఆ మగ్గాల్లో చాలావాటికి నూలు ఇంకా మిల్లు నుంచే రావాలి. నూలు ధర పెరిగినప్పుడల్లా నేతన్న మగ్గం ఆపుకుని కూర్చుంటున్నాడు. కొచ్రబ్ ఆశ్రమంలో బయటపడిన రెండో సమస్య అలాగే ఉంది. ఆ 1929 షరతుల పట్టికలో రూపాయల అంకె ఒక్కటి మార్చి చదివితే, ఇవాళ్టి ఫైనలియర్ ప్రాజెక్టుకు సరిగ్గా సరిపోతుంది.